అమ్మ దాచిన చోడి అంబలి కుండ

మా చిన్నప్పుడు చోడవరంలో మా వీధిలోకి జీపు వచ్చిందంటే పిల్లలందరికీ పండగే... ఆ రోజు అది సరాసరి మా ఇంటి ముందే ఆగింది! నేనప్పుడు నాలుగో తరగతి.

విశాఖపట్నం యూనివర్సిటీలో మన ప్రాంతాల బతుకుల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటుందట. అక్కడి నుంచి కళ్ళజోడు మాస్టారు ఒకరు, లావుపాటి నోటుబుక్కుతో ఒక అక్క వచ్చారు. ఊళ్ళో ఏం పండిస్తారో, ఏం తింటారో రాసుకుని పుస్తకం వేస్తారట. మా ఇల్లు పుస్తకంలోకి! నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు.

అమ్మ మాత్రం గబగబా లోపలికెళ్ళి, పొద్దుటి చోడి అంబలి కుండని గాదె వెనక్కి తోసేసింది. చోళ్ళంటే రాగులే... అవి తాగి బతుకుతామని పట్నం వాళ్ళకి తెలిస్తే చిన్నతనమని ఆమె బాధ.

"పొద్దున్న ఏం తింటారండీ?" అని అడిగింది అక్క.

"వరన్నమేనమ్మా... పప్పు, నెయ్యీ" అంది అమ్మ నేల చూపులు చూస్తూ.

అక్క రాసుకోబోయింది. అబద్ధం అచ్చయిపోతుందని నాకు కంగారు... పరుగున వెళ్ళి కుండ తెచ్చి వాళ్ళ ముందు పెట్టేశాను. "ఇదే తాగుతామక్కా, మాయమ్మే సేస్తాది."

"ఒసే గుంటా, పరువు తీసీసేవు కదే" అంది అమ్మ మెల్లగా. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకూ ఏడుపొచ్చింది.

అక్క చాప మీద కూర్చుని ఒక గ్లాసు అడిగి తాగింది. మళ్ళీ ఇంకోటి అడిగింది! "ఎలా చేస్తారో చెప్పండి, మేం వచ్చిందే ఇందుకు" అంది.

అంతే... అమ్మ అందుకుంది. "పిండి ముందురోజే కలిపీసి పులవనివ్వాలమ్మా... తెల్లారి నూకలు ఉడికేక అందులో పోసీసి తిప్పాలి." ఏ చోళ్ళు ఏ మెట్టలో వేయాలో, విత్తనం ఎలా దాచాలో, పేజీ మీద పేజీ నిండిపోయింది. మాస్టారు కూడా ముందుకు వంగి విన్నారు. నాకు క్లాసులో ఫస్టు వచ్చినా అంత గర్వం కలగలేదు.

చివర్లో అక్క, "ఇవన్నీ ఎవరు చెప్పారని రాయమంటారు? పేరు?" అంది.

"ఇంటాయన పేరు నాను సెప్పకూడదమ్మా, మా గుంట సెప్తాది."

"ఆయనది కాదండీ, మీ పేరు."

అమ్మ కొంగు సర్దుకుంది. వీధిలో అందరికీ ఆమె ఫలానా వారి కోడలే... ఆఖరికి "సన్యాసమ్మ" అంది, తలెత్తి. ఆ పేరు ఒకరు అడగ్గా వినడం నాకదే మొదటిసారి.

ఇప్పుడు అంబలి పిండి రంగురంగుల ప్యాకెట్లలో దొరుకుతోంది... చేసే పద్ధతి వెనక అచ్చేసి ఉంటుంది, ఎవరు చెప్పారో మాత్రం ఉండదు.

మీ ఇంట్లో ఇలాంటి వంట ఎవరు చేసేవారు? ఫలానా వారి కోడలని కాదు... ఆమె పేరే రాయండి.