దుప్పటి అవతలి కొస

దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు పనిచేసే ఆ ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను ఆవిరక్క అనేవారు. ఆవిరి ఇస్త్రీ మిషన్ దగ్గర ఏళ్ల తరబడి నిలబడి సంపాదించుకున్న పేరది. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు వెటకారం. అలాంటి మనిషి కొన్నాళ్లుగా నోరు మెదపడం లేదు. కళ్ల కింద నల్లటి చారలు. నిలబడే కునికిపాట్లు పడుతోంది. ఆ రోజు పొద్దున దిండుగలేబు మీద మిషన్ మూసి అలాగే జోగింది. కాలిన వాసనకు సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇవాళ గలేబు కాలింది. రేపు నీ చెయ్యి కాలుతుందమ్మా. ఇంకోసారి ఇలా జరిగితే నిన్ను ఇక్కడ ఉండనివ్వను" అన్నాడు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆయన గొంతులో.

టీ వేళకు పొడుగామె ఆమెను పట్టుకుంది. ఈ పొడుగామె ఆవిరక్కకు మడతల జోడీ. ఆసుపత్రి దుప్పట్లు ఒక్కరి వల్ల మడతపడేవి కావు. అవతల ఒకరు, ఇవతల ఒకరు కొసలు పట్టుకుని సాగదీయాలి, ఒకరు నడిచొచ్చి తమ కొసలు రెండోవాళ్ల చేతికిచ్చి, కింది మడత అందుకుని మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే.

"ఏమైందక్కా? మీ ఆయనతో గొడవా?"

"ఆయనతో గొడవైతే నా నిద్రెందుకు పోతుంది? ఆయన నిద్రే పోతుంది. నాకు కల..." అని నాలుక కరుచుకుంది.

ఆవిరక్క ఇంట్లో చెడ్డ కల చెబితే నిజమవుతుంది, మంచి కల చెబితే చెడిపోతుంది. కలగన్నవాళ్లు నోరు కుట్టేసుకోవడం తప్ప గత్యంతరం లేదన్నమాట!

పొడుగామెది వేరే దేశం. "అదేం చోద్యం? మా ఇంట్లో పొద్దున్నే అందరూ కలలు చెప్పాలి. చెప్పకపోతే, ఎవరి దగ్గర దాస్తున్నావే అని మా నాన్న కేకలేసేవాడు."

చిరిగిన బట్టలు కుట్టే ముసలమ్మది మరో దేశం. "మావైపు కల్లో ఎవరైనా వచ్చారంటే వాళ్లకేదో కావాలని. అడగాలి. మంచినీళ్లయినా పెట్టాలి."

సూపర్‌వైజర్ కూడా టీ పట్టుకుని వచ్చాడు. "మా ఇంట్లో కలొచ్చిందంటే అరుగుదలకి మందేసేవాళ్లు. అంతే."

ఆవిరక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కట్ట తెగింది.

"మా అక్క వస్తోంది. పోయి ఏడాది కాలేదు. మాట్లాడదు. ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాస్తుంది. పోయినవాళ్లు చేతులు చాచి పిలిస్తే వెళ్లకూడదు, వెళితే తిరిగి రామని మా అమ్మమ్మ చెప్పేది. నా పిల్లలింకా చేతికి అందిరాలేదు. అందుకే కళ్లు మూయడం లేదు." టీ గ్లాసు పక్కన పెట్టింది. "నన్ను పెంచిన మనిషిని చూసి పారిపోతున్నాను."

"ఎలా చాస్తుంది చేతులు?" అని అడిగింది ముసలమ్మ.

ఆవిరక్క లేచి చూపించింది. భుజాలకు తిన్నగా రెండు చేతులు, ఎడంగా, పిడికిళ్లు బిగించి.

పొడుగామె ఏమీ ఆలోచించలేదు. అలవాటైన చేతులు కదా! బుట్టలోంచి ఒక దుప్పటి లాగి, ఆ పిడికిళ్లలో రెండు కొసలు పెట్టి, అవతలి కొసలు తాను పట్టుకుని వెనక్కి నడిచింది. దుప్పటి బిగిసింది. అప్పుడుగానీ తానేం చేసిందో ఆమెకే తెలియలేదు.

"పిలిచేవాళ్లు పిడికిలి బిగిస్తారా అక్కా?" అంది మెల్లగా. "ఆవిడ చేతుల్లో ఏముందో చూశావా?"

"భయంతో మొహమే చూశాను."

బిగిసిన దుప్పటిని చూస్తుంటే ఆవిరక్కకు గుర్తొచ్చింది. తల్లి పోయాక అక్క ఒక లాడ్జి లాండ్రీలో చేరింది. చెల్లెల్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్లేది. పీట మీద నిలబెట్టి చేతికి కొసలిచ్చేది. "జారనీకు, నేనొస్తున్నా కదా" అంటూ దగ్గరికి నడిచేది. ఆవిరక్క ఆ దుప్పటి పట్టుకునే కూలబడి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. సూపర్‌వైజర్ ఆమెను ఇంటికి పంపించాడు.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతుండగా ఆవిరక్క తనంతట తానే కళ్లు మూసుకుంది.

మర్నాడు కోటు విప్పకుండానే పొడుగామె దగ్గరికి వెళ్లింది. కల చెప్పకూడదన్న ఇంటి కట్టడి లాండ్రీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అక్క వచ్చింది."

"నువ్వు వెళ్లావా?"

"వెళ్లాను. నా వైపు కొసలు ఆమె చేతిలో పెట్టాను. వేళ్లు తగిలాయి. నన్ను పెంచినందుకు ఆమె బతికుండగా నేనొక్క మంచి మాటా చెప్పలేదు కదా, నిన్న చెప్పాను. నవ్వింది."

పొడుగామె దగ్గరికి జరిగింది. "తర్వాత?"

"తర్వాతేముంది? కింది మడత అందుకుని వెనక్కి వచ్చాను. మడత వేసేటప్పుడు వెనక్కి రావాలి కదే, పొడుగుదానా!"