టేపు లేని గీత

యాభై రెండేళ్లు వచ్చేదాకా రంగుల మేస్త్రికి తన కుడి భుజం సంగతి ఎప్పుడూ పట్టలేదు. గోడా సీలింగూ కలిసే చోట, రంగు అవతలికి పోకుండా వేసే టేపు లేకుండానే, నిచ్చెన మీద నిలబడి ఉత్త బ్రష్షుతో గీత లాగేసేవాడు. ఈ మూల నుంచి ఆ మూలకి ఎక్కడా వంకర పోయేది కాదు. చేతి మీద నమ్మకం లేనివాడికే టేపు అని బావమరిదిని ఇరవై ఏళ్లుగా దెప్పుతూనే ఉన్నాడు. కలిసి పనిచేసే ఆ బావమరిది కిమ్మనకుండా టేపు అంటించుకునేవాడు.

అలాంటి చెయ్యి చలికాలం మొదట్లో భుజం ఎత్తు దాకా లేచి ఆగిపోయింది. ముందు నొప్పి, ఆ తర్వాత బిగింపు. మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. పైపని నేర్చుకోవద్దా అని బావమరిదిని నిచ్చెన ఎక్కించి, తాను కిటికీలూ తలుపులూ పట్టుకున్నాడు. మేకపోతు గాంభీర్యం అంటే అదే. ఇంట్లో మాత్రం ఆ ఆట సాగలేదు. రోజూ పొద్దున్నే పీట మీద కూర్చుంటే భార్యే పాపిడి తీసి తల దువ్వేది. ఆవిడ వేళాకోళాలన్నీ నవ్వుతూ పడేవాడు గాని, గోడ మీద ఆ గీత ఇక తాను గీయలేడేమోనని ఆయనకి తిండి సహించేది కాదు.

పెద్ద డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకకి ఏమీ కాలేదు, కీలు బిగుసుకుంది, ఫిజియోథెరపీకి వెళ్లమన్నాడు. మందుల షాపు పై అంతస్తులో ఆ వైద్యం చేసే ఒక నడివయసు డాక్టరమ్మ ఉంది. ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, భుజం చుట్టూ ఆరు ప్లాస్టిక్ కప్పులు బోర్లించి, చిన్న పంపుతో గాలి లాగేసింది. చర్మం కప్పుల్లోకి ఉబికింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి భుజం కాస్త తేలికపడింది. ఆ సంతోషంలో ఆవిడ చెప్పినవాటన్నిటికీ తలూపాడు. ఒక్క ముక్కా వినలేదు.

ఇంటికొచ్చి ఏం చేశాడనుకున్నారు? కొత్తగా పూత వేసిన గోడని ఎవరూ ముట్టుకోకూడదు గదా, భుజమూ అంతే అనుకున్నాడు! భుజానికి దుప్పటి చుట్టి, మూడు రోజులు మంచం మీద కదలకుండా కూర్చున్నాడు. నాలుగో రోజు వెళితే చెయ్యి మునుపటికన్నా జానెడు కిందే ఆగింది. డాక్టరమ్మ కోప్పడలేదు. మూడు రోజులూ ఏం చేశారని అడిగి, విని, నుదురు రుద్దుకుంది.

"కప్పులు పెట్టేది కాసేపు బిగువు తగ్గడానికేనండీ. ఆ కాసేపట్లో మీరు చెయ్యి ఆడించాలి. ఊరుకుంటే మళ్లీ పట్టేస్తుంది."

మేస్త్రి నెమ్మదిగా అన్నాడు. "కొత్త రంగేసిన కిటికీని మూసి వదిలేస్తే రెక్క అంటుకుపోతుందమ్మా. ఆరేలోపు పదిసార్లు తీసి మూయాలి. ఇది తెలీక ఎంతమంది నా చేత తిట్లు తిన్నారో."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆయన పని.

ఆ రోజు నుంచి కప్పులు భుజాన ఉండగానే కసరత్తు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. ఎక్కడ ఆగితే అక్కడ డాక్టరమ్మ పెన్సిలుతో గుర్తు పెట్టేది. శుభ్రమైన గోడ మీద పెన్సిలు గీతలు చూస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది. అయినా ఆ గుర్తులు వారం వారం పైకి పోతుంటే చెరపమనలేదు. రంగు డబ్బాలు పెట్టి తీసిన మచ్చల్లాంటి కప్పుల వలయాలు భుజం మీద వేసుకుని ఇంటికొచ్చి, వంటగది గోడకీ అదే పని. చెమటలు పట్టేవి, కళ్ల నీళ్లు తిరిగేవి. మానలేదు.

ఏడో వారంలో ఒక బడిలో పెద్ద హాలు పని తగిలింది. బావమరిది నిచ్చెన వేసి టేపు చుట్ట విప్పుతున్నాడు.

"ఉండరా" అని మేస్త్రి బ్రష్షు అందుకుని ఎక్కాడు.

చెయ్యి తల దాటి వెళ్లింది. కలుక్కుమంది గాని ఆగలేదు. నిచ్చెన జరుపుకుంటూ, మధ్య మధ్య భుజం తిప్పుకుంటూ, మధ్యాహ్నానికి ఒక గోడ మొత్తం గీత లాగేశాడు. కిందికి దిగి చూసుకుంటే గుండెల మీద బండ తీసేసినట్టయింది. ఒకచోట గీత నూలుపోగంత వంకర పోయింది. బావమరిది దాన్ని చూశాడు. చూసి, టేపు చుట్ట సంచిలో వేసేసుకున్నాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి మేస్త్రి అతన్ని మనసులో మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్న అలవాటుగా పీట మీద కూర్చున్నాడు. భార్య దువ్వెన పెట్టబోయి ఆగింది. ఐదారు నెలలుగా నల్లగా, శుభ్రంగా ఉన్న జుట్టు నిండా తెల్లటి చుక్కలు. కిటికీలకి రంగేసేవాడి తల మీద చుక్కలు పడవు. ఆవిడ ఒక చుక్కని గోటితో గీకి చూసింది, కళ్లు తుడుచుకుంది, దువ్వెన ఆయన కుడిచేతిలో పెట్టింది.

"ఇక మీ తల మీరే దువ్వుకోండి."

ఆయన దువ్వుకున్నాడు. పాపిడి వంకరగా వచ్చింది. ఆవిడ సరిచేయలేదు.