పక్క సాంచ అన్న చేతి సైగ

మొన్న గురువారం పొద్దున సాంచలు నడుస్తుండగానే కబురు వచ్చింది. సాంచలంటే మా కరెంటు మగ్గాలు. షెడ్డు చూసుకునే ముకాదం నా పక్క సాంచ వైపు వేలు చూపి, అరచెయ్యి ఆకాశానికి తిప్పాడు. ఆ మోతలో చావు కబురైనా సైగతోనే. ఆరు నెలలుగా మంచంలో ఉన్న పక్క సాంచ అన్న పోయాడు. నేను నా సాంచ ఆపాను.

నాది ఊరి బడిలో నాలుగో తరగతి చదువు. రాయడం అంతంతే, మాట్లాడటం అంతకన్నా తక్కువ. అయినా ఆయన గురించి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది.

సోలాపూర్ వచ్చిన కొత్తలో నాకు సైగలు నేర్పింది అన్నే. రెండు వేళ్లు వంచితే చాయ్. అరచెయ్యి నిలబెడితే, ఆగు, నేనొస్తున్న. నా సాంచ మీద పోగు తెగితే తనది ఆపి వచ్చేవాడు. "పోగు తెగితే ఏడుస్తార్రా? ముడెయ్, నడిపియ్" అని నా చెవిలో అరిచేవాడు.

ఆయనకేమో అక్కడ ఊపిరి ఆడేది కాదు. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. "ఈ షెడ్డుకు వచ్చే తలుపే ఉన్నదిరా, పోయే తలుపు లేదు" అనేవాడు.

ఒక దసరా ముందు కరెంటు లేక షెడ్డు బందైంది. అన్న, నేను, సాంచల బీములకు నూలు చుట్టే మా షెడ్డు బావ, ముగ్గురం కొంతం చౌక్ దాటి బజారుకు పోయాం. ఒక చద్దర్ల దుకాణంలో అమ్మే మనిషి కావాలని అన్న విన్నాడు. "నువ్వు నా పక్క సాంచోనివి. సేఠ్ అడిగితే జెప్పాలె గదా" అని నన్నూ రమ్మన్నాడు.

బజారు కిటకిటలాడుతోంది. గాజుల బండ్లు, బంతిపూల కుప్పలు, దంచుతున్న పల్లీల శేంగా చట్నీ వాసన. అన్న ప్రతి బండి దగ్గరా ఆగాడు.

"ఏమన్నా, నౌకరి అడుగ వచ్చినవా, పెండ్లి బజారుకొచ్చినవా?" అన్నాడు బావ.

"ఇన్నేండ్లు చద్దరు మీది పూలే జూసిన. నిజం పూలు జూడనియ్యిరా!"

దుకాణంలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్న దండం పెట్టి, "సేఠ్, నాకు చద్దరు పోగు పోగు ఎరుకే!" అన్నాడు. అన్నది మర్యాదగానే. కానీ సాంచల మధ్య పెరిగిన గొంతు కదా, దుకాణం అదిరింది. బేరమాడుతున్న ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"అరే భావూ, హళూ బోలా" అన్నాడు సేఠ్, మెల్లగా మాట్లాడమని.

"మెల్లగనే మాట్లాడుతున్న సేఠ్!" అన్న ఇంకా గట్టిగా అన్నాడు.

సేఠ్ మా తెలుగాయనే. నా వైపు తిరిగి, "ఈయన గిరాకితోని గిట్లనే కొట్లాడుతడా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు ఉంది. అది తగువు గొంతు కాదు, సాంచ గొంతు; ఈ మనిషి నోట ఒక్క కటువు మాట నేను వినలేదు. ఇంతే చెప్పాలి. అందరూ నన్నే చూస్తున్నారు. నేల చూశాను.

సేఠ్‌కు అదే జవాబైంది. "సరే, చూద్దాం తియ్" అని చద్దరు మడత పెట్టుకున్నాడు.

బయట సిగ్గుతో వెనకబడి రెండు బండ్ల మధ్య ఇరుక్కుపోయాను. ముందుకూ లేదు, వెనక్కీ లేదు. జరగమని అడగడానికి నోరు రాదు. అప్పుడు జనం తలల మీదుగా ఒక అరచెయ్యి నిలబడింది. ఆగు, నేనొస్తున్న. అన్న వచ్చి నా మణికట్టు పట్టి బయటికి లాగాడు.

"నోరు షెడ్డులనే మరిచొచ్చినవారా?" అని నవ్వాడు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మర్నాడు నా పక్కకే వచ్చాడు. ఇంకో పద్నాలుగేళ్లు, దగ్గుతూ, అదే సాంచ.

చివరిసారి చూడబోయినప్పుడు క్షమించమని అడగాలనుకున్నాను. అప్పటికి ఆయనకు చెవులు పూర్తిగా పోయాయి. అరిచి అడిగే మాటా అది? నా మొహం కాసేపు చూసి, కోడలి వైపు రెండు వేళ్లు వంచాడు. ఆమె నాకు చాయ్ తెచ్చింది.

ఆనాడు చెప్పని మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను. గొంతు సాంచది, మనిషి మెత్తన.

పక్క సాంచను ఇప్పుడు కొత్త మనిషి నడుపుతున్నాడు. చాయ్ వేళకు అటు తిరిగి నా రెండు వేళ్లు వంగుతాయి. అతను చూడడు. ఎత్తిన చేతి మీద దూది రాలుతుంటుంది.