నడిచి చూడని బూట్లు

పోయిన వారం వానలో సైకిలు పెడల్ మీద కాలు జారి మోచెయ్యి గీరుకుపోతే, మా అమ్మాయి పోరు పడలేక బెంజి సర్కిల్ దగ్గర సైకిళ్ళ షాపుకు వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ ఓ జత బూట్లు తెచ్చి, "రెండూ వేసుకుని అటూ ఇటూ నాలుగడుగులు నడవండి సార్, నచ్చితేనే తీసుకుందురు గాని" అంది. ఎంత మామూలు మాట! నేను మాత్రం చాలాసేపు లేవలేకపోయాను.

సైకిలు తొక్కడానికి వేరే బూట్లేమిటని మీకు నవ్వు రావచ్చు. హవాయి చెప్పులతో కాలేజీకి తొక్కిన తరం మనది. క్లిప్‌లెస్ పెడల్ అని పేరే గానీ పట్టి ఉంచడమే దాని పని. బూటు అడుగున ఉండే చిన్న పలక అందులో టక్కున ఇరుక్కుంటుంది, మడమ పక్కకు తిప్పితే వదులుతుంది. ఆ పలక రబ్బరు అడుగులోకి ఒదిగి ఉంటే సైకిలు దిగి మామూలుగా నడవొచ్చు. బయటికి పొడుచుకొచ్చే రకం పందేలవాళ్ళకి, దాంతో నేల మీద నడిస్తే జారుతుంది. ఈ తేడా నాకు తెలియాల్సినప్పుడు తెలియలేదు.

మా నాన్నది వన్‌టౌన్‌లో చెప్పుల కొట్టు. వచ్చినవాళ్ళ చేత రెండు చెప్పులూ వేయించి పక్క కొట్టు దాకా నడిపించేవాడు. అలా నడిచినవాళ్ళు ఇక విప్పరని ఆయనకు తెలుసు. అది చూస్తూ పెరిగాను కనుక, కొనేవైపు నిలబడ్డప్పుడు దానికి విరుగుడు నేనే కనిపెట్టుకున్నాను. బేరం తెగేదాకా లేవకూడదు, నడవకూడదు, మొహంలో ఇష్టం కనపడనివ్వకూడదు. ఈ విద్యతో నేను ఎంతమంది ప్రాణాలు తోడేశానో, నన్ను చూసి షట్టరు దించినవాళ్ళు కూడా ఉన్నారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మా బావ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మేనత్త కొడుకు, మా చెల్లెలి భర్త, లెక్కల మేష్టారుగా రిటైరయినవాడు, ఆటోవాడు అడిగినంతా ఇచ్చి పైగా థాంక్స్ చెప్పే రకం. భవానీపురంలో మాకు పక్క వీధే కావడంతో ఆదివారం పొద్దున్నే ఇద్దరం సైకిళ్ళ మీద బయల్దేరేవాళ్ళం. ఒక్కసారైనా హనుమాన్ జంక్షన్ దాకా తొక్కి రావాలని ఆయన కోరిక. అందుకే ఈ పెడళ్ళూ బూట్లూ కొందామంటే, నేను లేకుండా కొంటే మునిగిపోతావని వెంట పడ్డాను.

కొట్టతను రెండు రకాలూ చూపించాడు. నడవడానికి వీలైన జత మీద పైసా తగ్గనన్నాడు గానీ పొడుచుకొచ్చిన రకం దగ్గర అడగ్గానే మెత్తబడ్డాడు. అడగ్గానే మెత్తబడేది కదలని సరుకని చెప్పుల కొట్టులో పుట్టినవాడికి వేరే చెప్పాలా? ఆ పూట నాకు తట్టలేదు. బావ బూట్లు బిగించుకుని లేవబోతుంటే మోకాలి మీద చెయ్యేసి అదిమాను.

"లేచావంటే బేరం చెడిపోద్ది. కూర్చో బావా."

"నడవకుండా ఎలా తెలుస్తుంది బావా?"

"ఇవి నడవటానికా, తొక్కటానికా?"

ఇద్దరికీ రెండు జతలు, పెడళ్ళతో సహా సగం ధరకు లాగి, ఇంటిదాకా కాలరు ఎగరేసుకునే వచ్చాను.

ఆ ఆదివారమే బయల్దేరాం. గన్నవరం దాటాక టీ కొట్టు దగ్గర దిగి బావ టకటకమని నడుస్తూ, "నాడాలు కొట్టించిన ఎద్దులా ఉన్నాను కదూ, ఇక బండికి కట్టెయ్" అన్నాడు. నేను ఆ బూట్లతో తూలుతుంటే చూసి టీ తెస్తానని తనే వెళ్ళాడు. అప్పుడే కడిగిన నాపరాళ్ళు. రెండు చేతుల్లో రెండు గ్లాసులు. కాలు జారినప్పుడు వాటిని వదిలేసి గోడ పట్టుకోవచ్చు, వదల్లేదు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయింది, చేతికర్ర వచ్చింది, సైకిలు మెట్ల కింద చేరింది. అడిగినవాళ్ళందరికీ నేల తడిగా ఉందనే చెప్పాడు. నేనూ చెల్లెలితో అదే చెప్పాను. రెండేళ్ళపాటు రోజూ సాయంత్రం వాళ్ళ వరండాలో కూర్చుని ఆ ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. చివరికి ఆయన గుండె జబ్బుతో మంచం పట్టాక నోరు పెగుల్చుకుని, ఆ రోజు నిన్ను లేవనివ్వాల్సింది బావా అన్నాను.

"లేవాలనుకుంటే నువ్వు ఆపగలిగేవాడివా? నువ్వు బేరమాడుతుంటే చూడటం నాకు సినిమా కంటే సరదా. అందుకే కూర్చున్నా. వాడు సగానికి దిగినప్పుడు నీ మొహం చూడాలి!" అని నవ్వబోయి దగ్గాడు. నెల తిరక్కుండానే పోయాడు. ఆ రోజు నేనే లేవనివ్వలేదన్న మాట చెల్లెలికి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు ధర అచ్చేసి అట్టపెట్టె మీదే అతికిస్తున్నారు, సగంమంది ఫోన్లోనే కొనేస్తున్నారు, వన్‌టౌన్‌లో సైతం ఫిక్స్‌డ్ రేట్ బోర్డులు వెలిశాయి. సందు చివర కూరలామె మాత్రం ఇంకా కాస్త ఎక్కువే చెప్పి, నేనేమంటానోనని నా వంక చూస్తుంది. ఏమీ అనను. పక్కన కూర్చుని నన్ను చూసి మురిసే మనిషి పోయాక, ఆ గెలుపు ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకోను?