మచ్చకు బాణం, పేరుకు కత్తెర

మీ తల లోపలి చిత్రం పత్రికలో అచ్చయితే, దాని మూలన మీ పేరు ఉండాలని కోరుకుంటారా? కళాశాల చర్చావేదికల మీద ఇలాంటి ప్రశ్నలతో ఎదుటివారిని ఇరుకున పెట్టడం నాకు అలవాటు. అనంతపురంలో జూనియర్ డాక్టరుగా చేరాక ఈ ప్రశ్న నాకే ఎదురైంది.

కుందుర్పి వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయనకు ఫిట్స్. స్కాన్ ఫిల్ములో ఆయన మెదడులో చిన్న తెల్లని మచ్చ కనిపించింది, ఫిట్స్‌కు కారణం అదే. మా పెద్ద డాక్టరు దాని గురించి వైద్య పత్రికకు వ్యాసం రాసి, అందులో వేసే స్కాన్ బొమ్మ సిద్ధం చేయించే పని నాకు అప్పగించారు. కాపరి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"బొమ్మ యేసుకోండి సార్. పేరు మాత్రం వద్దు. నాకు మూర్ఛ ఉండాదని తెలిస్తే ఊర్లో ఎవురూ గొర్రెలు నా చేతికియ్యరు."

ఆ పేరేమో ఫిల్ము మూలనే ఉంది. పత్రికకు పంపే ప్రింటు కోసం ఆసుపత్రి వాళ్లు ఆ ఫిల్మును పెళ్లి ఫోటోల స్టూడియోకు పంపారు, "నీటుగా చేయాల" అన్న ఒక్క మాటతో. సాయంత్రం నేను వెళ్లేసరికి ప్రింటు నిజంగానే నీటుగా ఉంది. మచ్చ లేదు. పేరు మునుపటికంటే స్పష్టంగా ఉంది.

"మచ్చ ఏమైందన్నా?" అని స్టూడియో ఆయనను అడిగాను.

"తీసేసినా సార్. పెండ్లికూతురు బుగ్గ మింద మచ్చ ఇడిసిపెడితే నన్ను బతకనిస్తారా? పేరు మాసిపోయింటే దిద్దినా."

ఆ విధంగా కాపరికి రోగం నయమై, పేరొక్కటే మిగిలింది.

పెద్ద డాక్టరు మచ్చ గురించే బాధపడ్డారు. "మచ్చ తెప్పించు. పేరుదేముందప్పా, ఇంగ్లీషు పత్రిక కుందుర్పిలో ఎవురు చదువుతారు?"

"ఎవరూ చదవరు సార్. కానీ మనం మాట ఇచ్చింది చదివేవాళ్లకు కాదు, ఆయనకు."

"నీతో వాదించేకంటే పేరు తీసేయడం తేలిక" అన్నారాయన. చర్చల్లో నేను గెలిచింది ఎప్పుడూ ఈ పద్ధతిలోనే.

మళ్లీ స్టూడియోకు వెళ్లి ఈసారి పక్కనే కూర్చున్నాను. ఫిల్ము నుంచి మళ్లీ ప్రింటు తీయించి, మచ్చను ఉంచి, దానికి బాణం గుర్తు పెట్టించాను. పేరున్న మూలను కత్తిరించాం.

"మచ్చకు బాణం, పేరుకు కత్తెర. పెండ్లి ఆల్బం ఇట్ల చేస్తే తంతారు సార్" అన్నాడు స్టూడియో ఆయన.

వ్యాసం అచ్చయ్యాక కాపరికి చూపించాను. పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నా తలకాయేనని ఏం గ్యారంటీ సార్?"

"ఏమీ లేదు."

"అయితే సరిపాయ" అని గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

స్కాన్ తీయించుకునేవారు, ఆ బొమ్మ ఎక్కడెక్కడికి పోతుందో డాక్టరును అడగండి. బొమ్మలు పంపేవారు, పంపే ముందు వాటి నాలుగు మూలలూ చూడండి.