లావా గుహలో ఆ ఒక్క మలుపు

దయ్యాలూ శకునాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా నంద్యాలలో పిల్లలంతా భయపడే పాడుబడ్డ మిల్లులో ఒంటరిగా తిరిగొచ్చినదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నాననీ చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

సింగపూర్‌లో వన్-నార్త్ అనే టెక్ పార్కులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ఇండోనేషియాలోని ఒక దీవిలో ఉన్న లావా గుహను కంప్యూటర్‌లో ఉన్నదున్నట్టు తయారుచేయడం అప్పట్లో మా పని.

అగ్నిపర్వతం నుంచి లావా ఏరులా పారేటప్పుడు పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలిది పారుతూనే ఉంటుంది. అదంతా వెళ్లిపోయాక మిగిలే సొరంగమే ఈ గుహ. కప్పు నుంచి కారుతూ గడ్డకట్టిన లావా బొట్లు ఇంకా అలాగే వేలాడుతుంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు వాటిని విరిచి జేబుల్లో వేసుకుపోతుంటే, గుహను మూసేశారు. నేలకు కాలు తగలకుండా చెక్క వంతెన వేసి కొద్దిమందినే పంపాలనీ, మిగతావాళ్లకు మేం చేసే గుహను చూపించాలనీ అనుకున్నారు.

గుహను లేజర్‌తో స్కాన్ చేసింది ప్రకాశ్. కాకినాడ అతను. సింగపూర్‌లో చోవా చూ కాంగ్ పేటలో మా ఫ్లాట్ల బ్లాకులోనే ఉంటాడు, నన్ను అక్కా అంటాడు. వంతెన కాళ్ల కోసం డ్రిల్లింగ్ మొదలయ్యే రోజున మళ్లీ అక్కడికి వెళ్లాడు.

ఆ రోజు ఆఫీసులో కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, మేం కంప్యూటర్‌లో చేసిన గుహలో నడుస్తున్నాను. ఒక మలుపు దగ్గర పాదాల కింద నుంచి చల్లగాలి తగిలింది. అందులో తడి రాతి వాసన. హెడ్‌సెట్ తీసి చూస్తే కింద కార్పెట్ తప్ప ఏమీ లేదు.

ఏసీ ఆపించాను. అయినా గాలి వచ్చింది. అప్పుడు కంప్యూటర్‌లో మా గుహను గదిలో ఇంకో వైపుకు వచ్చేలా తిప్పి, మొదటి నుంచి నడిచాను. ఇందాక గది మధ్యలో తగిలిన గాలి ఈసారి కిటికీ పక్కన తగిలింది. గుహలో మాత్రం అదే మలుపు.

పక్క సీటు మెయ్‌లింగ్‌ను ఏమీ చెప్పకుండా నడిపించాను. సరిగ్గా అక్కడే ఆగి, "వై సో కోల్డ్ హియర్, ఆ?" అంది.

వెంటనే ప్రకాశ్‌కు ఫోన్ చేసి, అది ఏ మలుపో చెప్పాను. ఇంకా గుహ బయటే ఉన్నాడు.

"ఆ మలుపు కాడికి పోవద్దు ప్రకాశ్. కింద ఏమో ఉంది."

"ఏముంటదక్కా? స్కాన్‌లో నేల బాగానే ఉందిగా."

"నాకు తెలీదు. ముందు వాళ్లను చూడమను. నా మాట విను."

నవ్వాడు గానీ విన్నాడు. అక్కడి భూగర్భ శాస్త్రవేత్త నడుముకు తాడు కట్టుకుని, పొడవాటి కర్రతో నేలను తట్టింది. డొల్ల శబ్దం. కింద ఇంకో గుహ ఉంది. రెండింటికీ మధ్య ఉన్నది పలచటి లావా పెచ్చు. డ్రిల్లు పెట్టి ఉంటే అక్కడ నిలబడ్డవాళ్లంతా కిందపడేవాళ్లు.

వంతెన దారి మార్చారు. గుహ చివర ఉన్న ఒక సందులోంచి కింది గుహలోకి కెమెరా దింపితే, మనిషి చెయ్యి పడని లావా బొట్లు కప్పంతా వేలాడుతూ కనిపించాయి. అందులోకి ఎవరూ వెళ్లకూడదని ఆ సందును అప్పుడే మూసేశారు.

మా స్కానర్‌కు పైన కనిపించేదే తెలుస్తుంది, నేల కింద ఏముందో తెలియదు. ఆ నేలలో పగులు కూడా లేదట. నిజం గుహలో అదే చోట నిలబడ్డా గాలి తగలదని ఆ శాస్త్రవేత్తే చెప్పింది. మరి నా కాళ్లకు తగిలిందేమిటి?

ప్రకాశ్ తిరిగొచ్చిన సాయంత్రం భార్యనూ పాపనూ తీసుకుని మా ఫ్లాట్‌కు వచ్చాడు. అతని భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది. పాప మా సోఫా మీద నాన్న ఒళ్లో నిద్రపోయింది.

"నేను చేసిందేమీ లేదమ్మా" అన్నాను. వినయానికి అన్న మాట కాదది. వాళ్లు వెళ్లాక తలుపు వేసి, ఉన్నచోటే నిలబడి రెండు చేతులూ జోడించాను. ఎవరికి దణ్ణం పెడుతున్నానో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.