కీళ్లనెల్లి కథ

1912. గుడియాత్తంలో ఒక చిన్న డిస్పెన్సరీలో నేను కాంపౌండర్ని. డాక్టరుగారు రాసిన చీటీ చూసి మందు కలిపి సీసాలో పోసివ్వడం నా పని. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఆరు నెలలైంది. చుట్టూ ఉన్నది తెలుగు నేతవాళ్ళే కదా, వీళ్ళ నోట నాకు తెలియని మాట ఏముంటుందని తెగ మిడిసిపడేవాణ్ణి.

ఒక రోజు మునసామి అనే నేతగాడు భార్య కుప్పమ్మను బండిలో పడుకోబెట్టి తెచ్చాడు. ఆమె కళ్ళు, గోళ్ళు పసుపు పూసినట్టున్నాయి. డాక్టరుగారు చూసి జాండిస్ అన్నారు, అంటే పచ్చకామెర్లు. మిక్చరు రాసి, గంజి తాగించమని చెప్పి, పనిమీద వేలూరు వెళ్ళిపోయారు. ఐదు రోజులకు గంజి కూడా ఆమె గొంతు దిగడం మానేసింది.

మునసామి వచ్చి నా ముందు కూలబడ్డాడు. "సీసా మందు పన్జేయలేదప్పా. ఆకుమందు ఏదైనా ఉండాదా? ఆమె లేకపోతే నేను యాడికి పోయేది?"

నాకూ భయం వేసింది. మా అవ్వ కామెర్లకు నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చేది. ఆ పేరు చెప్పాను. మొక్క ఎట్లా ఉంటుందో కూడా చెప్పొచ్చు కదా, చెప్పలేదు!

"నేల ఉసిరా? ఆ పేరే ఇన్లేదే. మా పెరట్లో కీళ్లనెల్లి ఉండాది, అది పనికొస్తాదా?"

"కీళ్ల నొప్పుల ఆకు కామెర్లకేం చేస్తాదన్నా? కొండ దిక్కు పోయి అడుగు, పో" అని కసిరాను.

పాపం, కొండ కిందున్న ఒడుగత్తూరు దాకా నడిచిపోయి, మూడో రోజు పొద్దున సంచితో వచ్చాడు. ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళి సంచి విప్పితే అన్నీ జానెడేసి ఉసిరి మొక్కలు. చెట్టుగా పెరిగే ఉసిరి!

"నేలమీది ఉసిరి అంటే ఇవే పీకిచ్చినారప్పా" అన్నాడు.

నా బుర్ర తిరిగిపోయింది. ఆకు చూస్తే అదే అనిపిస్తుంది, మొక్క చూస్తే కాదు. ఎంతసేపు తిప్పి చూసినా అంతే.

"ఆకు కింద వరసగా ఆవగింజలంత కాయలుండల్లన్నా. అవి యాడ?"

"ఆకు కిందనా?" మునసామి పంచె పైకి లాగాడు. మోకాలి మీద పూసుకున్న ఆకు పసరు, చిన్న చిన్న కాయలతో సహా, ఎండి అంటుకుని ఉంది. "అయ్యో కడవుళే! అది మా కీళ్లనెల్లి గదప్పా!"

పెరట్లోకి పరుగెత్తాం. పడుగుకు గంజి పెట్టే చోట, తడినేలలో గుబురుగా ఉంది. నేల ఉసిరే! పక్కింటి అరవావిడ విడమరిచి చెప్తే గాని నాకు తలకెక్కలేదు. అరవంలో కీళ్ అంటే కింద, నెల్లి అంటే ఉసిరి. ఆకు కింద కాసేది కాబట్టి కీళానెల్లి. అదే మనవాళ్ళ నోట కీళ్లనెల్లి అయి, గుంట మగ్గం తొక్కి అరిగిన మోకాళ్ళకు మందై కూర్చుంది.

చాప మీది నుంచి కుప్పమ్మ సన్నగా అంది. "ఈయప్ప అంత దూరం నడవల్లని, ఆ పొద్దు కూడా నేనే లేచి నూరి పూస్తిని నాయనా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మునసామి ఏడుస్తూ రోటి ముందు కూర్చుని తొలిసారి తానే ఆకు నూరాడు.

పది రోజులకు ఆమె లేచి కూర్చుంది. మిక్చరు వల్లే అన్నారు వేలూరు నుంచి తిరిగొచ్చిన డాక్టరుగారు. ఆకు వల్లే అన్నాడు మునసామి. ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఆ తర్వాత ఎవరు ఏ మందాకు పేరు చెప్పినా, "పేరు అట్లుండనీ, ముందు మొక్క తీసుకురా" అనేవాణ్ణి.

నెల తర్వాత కుప్పమ్మ డిస్పెన్సరీకి తనే నడిచి వచ్చింది.

"నీ మాటకు కొండ దాకా పోయి ఈయప్ప మోకాళ్ళు ఇంకా వాచినాయి. అది కామెర్ల ఆకు అంటివి కదా నాయనా, మరి వాటికిప్పుడు ఏం పూసేది?"

నేను సీసాల వైపు తిరిగి, నొప్పుల తైలం ఎక్కడుందా అని వెతకసాగాను.